దర్వాజ రంగు పూసిన ట్యాంకు

ఎంత పని చేసింది ప్రేమలత! కట్టుకున్నవాడు నెల రోజులు తంటాలు పడి కుదుర్చుకున్న రంగు మీద, దర్వాజలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు పులిమేసింది. పులిమేటప్పుడు తప్పనిపించలేదు. రేపే దసరా. నాగలి, బండి, కుట్టుమిషను అన్నీ కడిగి రంగులేసి ఆయుధపూజకు పెడతారు కదా, ఈ చెక్క ట్యాంకు ఒక్కటే మురికిగా ఉంటే ఎలా అనుకుంది. అది పైకి చెప్పుకున్న సాకు! అసలు బాధంతా చూసిపోదామని వచ్చే అన్న శ్రీపాల్ గురించే...

ఆమె భర్త జగపతి సైన్యంలో ట్యాంకు నడిపినవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఒక కాలు అక్కడే పోయింది. కేసముద్రం తిరిగొచ్చాక మూరెడు ట్యాంకు చెక్కాడు గానీ, దానికి రంగు కుదిరితేనా! ఆకుపచ్చలో దీపపు మసి కలిపితే నల్లబడింది. జాజు కలిపితే ఎర్రబడింది. గీకడం, మళ్ళీ పూయడం. చివరికి వారం కిందట చిటికెడు పుట్టమన్ను కలిపి పూసి, ఇదే అని గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎందుకింత పట్టింపని ప్రేమలత ఒక్కనాడూ అడగలేదు. వరంగల్‌లో ఆఫీసరు ఉద్యోగం చేసే అన్న, బావ బొమ్మలాట ఎంతవరకొచ్చిందని నవ్వినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేది, అంతే.

ఆమె రంగు పూసిన ఆ పొద్దునే జగపతి చంకకర్రల మీద స్టేషనుకు వెళ్ళి సక్రిని వెంటబెట్టుకొచ్చాడు. నర్సింహులపేట దగ్గరి తండా ఆమెది. ఆమె కొడుకు మోతీ ఇతనితోపాటు ఒకే ట్యాంకులో ఉండి, అందులోనే కాలిపోయాడు. ఆ తల్లికి ముఖం చూపించే ధైర్యం కూడగట్టుకోవడానికి జగపతికి రెండేళ్ళు పట్టింది.

అప్పటికే శ్రీపాల్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ట్యాంకు మీద కప్పిన గుడ్డ తొలగించిన జగపతి ఉలిక్కిపడి భార్య వైపు ఒక్కసారి చూశాడు. సక్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, చెప్పదలచుకున్నది చెప్పేశాడు.

"అవ్వా, ట్యాంకుకు మంటలంటుకున్నయి. నేను బయటవడ్డ. మోతీ లోపలున్నడని మళ్ల మర్లిన. పొగల, దుమ్ముల అది ఏడున్నదో ఆనలే, కంటికి కనవడలే. ఆ రంగు నేలల కలిసిపోయింది. పదడుగుల దూరంల ఎతుక్కుంటుంటేనే కాలికింద మందుపాతర పేలింది."

సక్రి ఆ బొమ్మను వేళ్ళతో తడిమింది.

"పటేలా... గింత నిగనిగలాడుతున్నది. పదడుగుల నుంచి ఆనలేదా?"

జగపతి తల దించుకున్నాడు. ఆ రంగు నాది కాదని ఒక్క మాట అంటే చాలు! కానీ పెళ్ళాం పరువు ఆమె అన్న ముందు తీయలేక, అబద్ధాలకోరులా మౌనంగా కూర్చున్నాడు. శ్రీపాల్ కూడా నమ్మలేనట్టు ముఖం తిప్పుకున్నాడు. అది చూసి ప్రేమలత ముందుకొచ్చి సక్రి ఎదుట నిలబడింది. ఇక ఆగలేకపోయింది.

"ఆయన అబద్ధం చెప్తలేడవ్వా. గీ రంగు నేనేసిన. మా అన్న ముందల ఇజ్జత్ పోతదని పొద్దుగాల నేనే పూసిన."

కిరసనాయిలు తడిపిన గుడ్డతో ఏడుస్తూ తుడిచింది. ఇంకా గట్టిపడని పైరంగు ఊడివచ్చి, కింద జగపతి రంగు మసకగా బయటపడింది. సక్రి బొమ్మను తీసుకుని, ఇంటి వెనక పెసర పీకిన చెలక నేలలో పెట్టి వచ్చింది. వెనక గుమ్మంలో కూర్చుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆనుతలేదు కొడుకా," అంది.

జగపతి ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. ఇన్నాళ్ళూ ఇంత బరువు ఒక్కడే మోశాడా... పక్కనే ఉండి తనెందుకు అడగలేదు! కాసేపటికి ఆయనే తేరుకుని, అవ్వ ట్యాంకును తన ఇంటికి తీసుకుపోతుంది, పట్టుకురమ్మని మెల్లగా అన్నాడు. కోపమన్నది లేదు ఆ గొంతులో. అదే ఆమెను ఎక్కువ కోసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ప్రేమలత చెలకలోకి నడిచింది. అటు వెతికింది, ఇటు వెతికింది. దాని పక్కనుంచే రెండుసార్లు దాటిపోయింది, కనిపించలేదు.