వజీరమ్మ ఇంట్ల ఉయ్యాలలు

కాజీపేటల రైలు పట్టాల ఎనక ఒక సందున్నది. ఆ సందుల చివరి ఇంటికి పేరు పెట్టిందెవరో తెల్వదు గని, అందరు దాన్ని ఉయ్యాలల ఇల్లనే అంటరు. పొద్దుగూకినంక ఆటోవాళ్ళు ఆ మూల మలగరు. ఎవలన్న మలిగినా హారన్ గొట్టరు, కిటికీ దిక్కు చూడరు.

ఎందుకంటె... ఆ కిటికీలకెల్లి అవుపడ్తయి. జానెడు జానెడు కట్టె ఉయ్యాలలు. బొమ్మలను పండవెట్టేటంత. దూలానికి ఏలాడుకుంట... ఊగుతాంటయి. గాలి ఉండది. ఊపే మనిషి అవుపడది.

పాలుపోసే కట్టయ్య ఒకనాడు ధైర్యం జేసి కిటికీల తలకాయ వెట్టిండట. తెల్లారి సంది ఆ ఇంటి ముంగటికెల్లే పోవుడు బంద్ వెట్టిండు. "ఏం జూసినవే?" అని ఎంతమంది అడిగినా, "ఆళ్ళు ఇంకా పండుకోలె" అన్నడే తప్ప, ఎవలు పండుకోలేదో మాత్రం చెప్పలె.

నేను నా కండ్లతోని చూసింది గాదు, ముందే చెప్తాన్న. లావణ్య చెప్పంగ విన్నోళ్ళు నాకు చెప్పిండ్రు. ఆమె అబద్ధమాడే మనిషైతె కాదు. ఆడినా ఆమెకు ఒరిగేదేం లేదు.

లావణ్యది నెక్కొండ. పెండ్లయి ఏండ్లు గడిచినా కడుపు పండలె. తిరగని దవాఖాన లేదు, మొక్కని దేవుడు లేడు. ఆఖరికి అత్త సమ్మమ్మ తీస్కపోయి, కాజీపేట తొవ్వల రోడ్డు పక్కనున్న చిన్న దర్గా కాడ చింతచెట్టుకు ఉయ్యాల కట్టించింది. ఆ చెట్టుకు మనోళ్ళు, పరాయోళ్ళు అని లేదు, అందరాడోళ్ళు కట్టుడే. చిన్న కట్టె ఉయ్యాల, మొక్కుకున్నామె చీరె అంచు చింపి దానికొక ముడి. బిడ్డ పుట్టినంక ఆ తల్లే ఎత్తుకొనొచ్చి ముడి ఇప్పాలె, రొట్టె, బెల్లం కలిపి పిసికిన మలీద ముద్దలు పంచాలె. ముడేసిన చెయ్యే ఇప్పాలె, ఇంకో చెయ్యి ముట్టద్దు. గది అక్కడి రివాజు.

ఏడాది తిరక్కముందే కొడుకు పుట్టిండు. ఇగ సంబురమంటె సంబురమా! ఆ సంబురంల మొక్కు ఎన్కకు వడ్డది. పిలగానికి జర మెడ నిలవనియ్యి అన్నరు. ఎండలు తగ్గనియ్యి అన్నరు. వానలు ఎల్లనియ్యి అన్నరు. ఆపద మొక్కులు, సంపద మరుపులు అని పెద్దలు ఊకెనే అన్నరా?

మొన్న బేస్తారం నాడు పిలగానికి జరం వచ్చింది. తెల్లారి ఒళ్ళు పెనం లెక్క కాలింది. వరంగల్ తీస్కపోయి దవాఖాన్ల వేసిండ్రు. సూదులు, సెలైన్లు, పరీక్షలు... రిపోర్టులల్ల ఏం లేదంటరు, జరం దిగదు. పిలగాడు కండ్లు మూస్కొనే తలకాయ అటు కొట్టుడు, ఇటు కొట్టుడు. ఒక్క నిమిషం ఊకుంటలేడు. పాలు ముట్టుతలేడు.

ఆదివారం మాపటీలి డాక్టరమ్మ లావణ్య పెనిమిటి సాయితేజను పక్కకు పిలిచింది. "మా ప్రయత్నం మేం చేస్తున్నం. ఈ రాత్రి గడవాలె" అన్నది. సాయితేజ వచ్చి గదే మాట చెప్పిండు.

గప్పుడు సమ్మమ్మ కోడలు చెయ్యి వట్టుకున్నది. నోరు చెవి కాడ వెట్టి, "లావణ్యా... ఉయ్యాల ముడి ఇప్పలేదు గదనే?" అన్నది.

లావణ్య ఇగ ఆగలె. ఉన్నపళంగ ఆటో ఎక్కింది.

దర్గా కాడికి పోయి చూస్తే ఏమున్నది... చెట్టే లేదు! మొదలు మాత్రం ఉన్నది, దాని పక్కన కంకర కుప్ప. ఊదుబత్తులమ్మే ముసలాయన దుకాణం మూసుకుంటాండు. లావణ్య ఆయన కాళ్ళ మీద వడ్డంత పని జేసింది.

"రోడ్డు ఎడల్పు జేస్తమని ఎండకాలంలనే కొట్టేసిండ్రు బిడ్డా. ఉయ్యాలలా? అన్ని మట్టిల రాలినయ్. పాత సామాన్ల అమ్జద్ ఏరుకొని వజీరమ్మకు ఇచ్చిండు. ఆమె గసొంటియే తెప్పిచ్చుకొని ఇల్లు సింగారించుకుంటది."

"ఇల్లేడ?"

"పట్టాల ఎనక, సందు చివర..." అన్నడు. "నీకు తెల్వకుంట ఉంటదా ఆ ఇల్లు?"

తెల్వకేం. బాగనే తెల్సు.

ఆటో మూల మీద ఆగింది. "అక్కా, నేను లోపటికి రాను. ఈడనే ఉంట. నువ్వు జల్ది రా" అన్నడు ఆటో పిలగాడు. ఇంజన్ మాత్రం బంద్ చెయ్యలె.

లావణ్య గేటు తోసింది. తోసిందో లేదో... కరెంటు పోయింది. సందుకు సందు చీకటి.

ఫోన్ లైటేసింది. ఎదురుంగ... కండ్లు! గోడ నిండ మెరిసే కండ్లు! "అవ్వో!" అని ఎనక్కు వడబోయి గేటు వట్టుకున్నది. జర నిలదొక్కుకొని చూస్తే, పాత సీడీలు. పూలు లెక్క కోసి గోడకు అంటించిండ్రు.

ఇంకో అడుగేసింది. నెత్తి మీద గలగలమన్నది. పాత చెంచాలు, పలిగిన గాజులు దారానికి గుచ్చి దర్వాజకు తోరణం గట్టిండ్రు. అది దాటిందో లేదో, పక్కన తలకాయ లేని మనిషి నిలవడి ఉన్నడు! లావణ్యకు పానం పోయినంత పనైంది. అది బట్టల దుకాణంల పారేసిన బొమ్మ. దాని భుజాల మీదికెల్లి తీగ పారించిండ్రు. సైకిల్ చక్రం నడిమిట్ల గడియారం, చెడిపోయిన టిఫిన్ డబ్బాలల్ల పుదీన... ఇంకో దినమైతె నిలవడి ముద్దుగ చూసేది, ఫోటోలు గూడ దిగేది. ఇయ్యాల ఆమెకు ఏదీ ఆనలె. నా కొడుకు, నా కొడుకు... గదొక్కటే మాట లోపట కొట్టుకుంటాంది.

లోపటి అర్రల ఎర్రటి ఎలుగు. రైలోళ్ళు ఎన్కట ఊపే సిగ్నల్ లాంతరు, ఎర్రద్దం ఉన్నది, ఎవలో మంచం పక్కన వెలిగించి పెట్టిండ్రు. ఆ ఎలుగుల...

ఊగుతానయి.

దూలం పొడుగూత ఉయ్యాలలు. కొన్ని మెల్లగ, కొన్ని జర జోరుగ. కీచు... కీచు... మాటలాడుకున్నట్టు, ఒకటి ఆగంగనే ఇంకోటి. గాలి మాత్రం ఆకు కదిలేటంత గూడ లేదు.

"ఎవరు... ఫర్జానా, నువ్వేనా?"

లావణ్య ఆ గొంతు దిక్కు మలిగింది. మంచం మీద ముసలామె కూసున్నది. ఒళ్ళె బొంత, చేతిల సూది. మనం చిన్నప్పటి సంది వినుకుంటొచ్చినం గదా, దెయ్యాలకు పాదాలు ఎనక్కుంటయని... లావణ్య కండ్లు ముందుగాల కాళ్ళ దిక్కే పోయినయి. బొంత కింద ఎత్తుగ ఉన్నది గని, కాళ్ళు అవుపడలె.

"నేను... నెక్కొండ నుంచి వచ్చినమ్మా. లావణ్య నా పేరు. నువ్వు... వజీరమ్మవేనా?"

"వజీరనే బిడ్డా. లోపటికి రా, బుగులువడకు. నా బిడ్డ ఫర్జానా మందుల దుకాణం దాక పోయింది. ఈ ఇంటికి ఎవలొచ్చినా గిట్లనే వణుకుకుంట వస్తరు." ముసలామె నవ్వింది. "నేను బయటికి పోలేను. గందుకే బయట పారేసినయన్ని లోపటికి తెప్పిచ్చుకున్న. ఎవలకు వద్దన్నయి నాకు ముద్దు."

ఆ మాటకు లావణ్యకు జర పానం వచ్చింది. గప్పుడే అవుపడ్డది తాడు. ఉయ్యాలలన్నిటికి ఒక్కటే సన్నటి తాడు కలిపి కట్టి ఉన్నది. దాని కొస కిందికి దిగి, బొంత కిందికి పోయింది.

ఓసి! గింతేనా! నెక్కొండల లావణ్య తల్లి బీడీలు చుట్టుకుంట, ఉయ్యాల తాడు కాలి బొటనేలికి కట్టుకొనే ముగ్గురు పిల్లలను పండవెట్టింది. చేతులకు పని చేతులకే, కాలికి పని కాలికే. ఈమె గూడ బొంత కుట్టుకుంట కాలుతోని ఊపుతాంది. దీనికేనా ఊరంత దెయ్యమని ఉరికింది? లావణ్యకు నవ్వొచ్చింది, నవ్వెంటనే ఏడ్పు తన్నుకొచ్చింది.

"అమ్మా, నా కొడుకు దవాఖాన్ల ఉన్నడు. వీటిల ఒకటి నాది. నీలం చీరె అంచు, దాని మీద చిలుకలు... నా చేతులతోని ముడేసిన. ఇప్పకుంట మర్చిపోయిన. నీ కాళ్ళు మొక్కుత, దేవులాడుకోనియ్యి."

వజీరమ్మ సూది ఆపింది. మొఖం మాడిపోయింది. "చూసుకో బిడ్డా. చూసుకో" అన్నది.

లావణ్య లైటు వట్టి ఒక్కొక్క ఉయ్యాల చూసింది. ఎర్ర గుడ్డ, ఆకుపచ్చ గుడ్డ, జరీ ముక్క, పాత చున్నీ... ఎంతమంది తల్లులో! ఆఖరిదాక చూసింది. మళ్ళ మొదటికెల్లి చూసింది. చిలుకల అంచు లేదు. రెండిటికి అసలు ముడే లేదు. ఒకటి పసుపు రంగుది, ఒకటి ఆకుపచ్చది.

ఆకుపచ్చది కదులుత లేదు. పసుపుది మాత్రం... అటు కొట్టుకుంటాంది, ఇటు కొట్టుకుంటాంది. పక్కదానికి తాకుతాంది, దూలానికి తాకుతాంది, ఆగుత లేదు.

"ఈ రెండిటియి ఏమైనయమ్మా?"

"గుడ్డలు మురిగి పురుగులు వట్టినయి బిడ్డా. చెట్టే పోయింది, ఇగ ముడి ఎక్కడిది అనుకున్న..." ముసలామె సూది బొంతకు గుచ్చి పెట్టింది. "ఇప్పి, కడిగి, రంగేసిన. ఆకుపచ్చది ఇయ్యాల పొద్దుగాల."

"మరి పసుపుది?"

"మొన్న బేస్తారం."

పిలగానికి జరం వచ్చింది గూడ గా దినమే! బేస్తారం! "నా ముడి గుడ్డ ఏది? పారేసినవా? చెప్పమ్మా, పారేసినవా?"

"నేను ఏదీ పారెయ్యను బిడ్డా. ఉతికి బొంతల కుట్టిన..."

లైటు బొంత మీద వడ్డది. రంగురంగుల ముక్కల నడిమిట్ల, అంచు కాడ... నీలం. చిలుకలు. లావణ్య ఉరికి రెండు చేతులతోని బొంత వట్టుకున్నది.

"జర కాళ్ళు ఎత్తమ్మా! ఊపుడాపు!"

"కాళ్ళా...?"

బొంత గుంజింది.

మోకాళ్ళ కింద ఏం లేదు. రెండు కాళ్ళు లేవు. ఎత్తుకు పెట్టుకున్న పాతగుడ్డల మూటలు కింద వడ్డయి. తాడు కొస మంచం కోడుకు బిగించి కట్టి ఉన్నది.

"షుగర్ జేసి తీసేసిండ్రు బిడ్డా" అన్నది వజీరమ్మ, మెల్లగ. "ఆ తాడు ఊపుటానికి కాదు... ఆపుటానికి. ఎప్పుడు ఊగుతనే ఉంటయి. పిల్లలాడుకుంటాండ్రు తీ, అనుకునేదాన్ని. మొన్నటి సంది పసుపుది తలకాయ కొట్టుకున్నట్టు కొట్టుకుంటాంది. చూడలేక కట్టేసిన. కట్టేసినా ఆగుతలేదు."

ఇంకొకలైతె ఉరుకుదురు. లావణ్య ఉరకలె. బుగులు అనేటిది ఆమె ఒంట్ల ఇగ మిగిలి లేదు. పండ్లతోని కుట్టు తెంపి చిలుకల ముక్క గుంజుకున్నది. లేచి పసుపు ఉయ్యాలను దూలం నుంచి ఊడగుంజి పట్టుకున్నది... సుర్రుమన్నది చెయ్యి. కట్టె కాలుతాంది! జరం వచ్చిన పిల్లగాని ఒళ్ళు కాలినట్టు కాలుతాంది! అయినా ఇడువలె. ఛాతికి ఒత్తుకొని, గింజుకుంటాంటె ఒత్తుకొని, గుడ్డ చుట్టి ముడేసింది. "తప్పైంది... తప్పైంది తండ్రీ... నా పానం తీస్కో, వాన్ని ఇడువు" అని ఏడ్సుకుంట, ఏ చేతులతోని వేసిందో ఆ చేతులతోనే ముడి ఇప్పింది.

ఉయ్యాల ఆగింది.

ఇసుమంత గూడ కదలిక లేదు. కట్టె సల్లగైంది... సల్లగ, ఇంకా సల్లగ. ఆగిందంటె... ఏం ఆగింది? పిలగాడు...?

ఫోన్ మోగింది. సాయితేజ.

ఎత్తబుద్ధి కాలె. ఎత్తకుంటె ఉండబుద్ధి కాలె. మోగి మోగి ఆగబోయేముందు, వజీరమ్మనే చెయ్యి చాపి ఆ పచ్చ గుర్తు జరిపింది.

"లావణ్యా..." అవుతల ఏడుస్తాండు. "లావణ్యా, ఇనవడ్తాందా? చెమటలు వట్టినయే వానికి! ఒళ్ళంత తడిసింది. జరం దిగింది, కండ్లు తెరిసిండు... పాల కోసరం ఏడుస్తాండే, జల్ది రా!"

లావణ్యకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఆమెకే తెల్వదు. ముసలామె చేతులు రెండు వట్టి కండ్లకు అద్దుకున్నది. ఎత్తుకున్న ఉయ్యాల దిక్కు చూస్తే కట్టె అంత తడి... నీటి బొట్లు ఆమె కొంగు మీద కారుతానయి. తుడువలె. అట్లనే ఛాతికి ఒత్తుకొని దర్వాజ దిక్కు ఉరికింది.

కడప దాటిందో లేదో...

కీచు.

ఎనక్కు మలిగి చూసింది. ఆకుపచ్చ ఉయ్యాల. రంగింకా ఆరలె. అటొకసారి... ఇటొకసారి... మెల్లగ. తర్వాత జోరుగ. తర్వాత పక్కవాటికి తాకుకుంట, దూలానికి కొట్టుకుంట, తాడు తెగేటట్టు...

వజీరమ్మ ఒళ్ళెకు బొంత గుంజుకొని రెండు చేతులతోని దేవులాడుతాంది. ఒక గుడ్డ ముక్క దొరికింది. దాన్ని లాంతరుకు పట్టి చూసింది, లావణ్య దిక్కు చూసింది.

"బిడ్డా..." అన్నది. "దీని తల్లిని ఏడికెల్లి తేవాలె?"