పదిహేడో నంబరు పెట్టె

ఆ జెయింట్ వీల్‌కి ఇరవై నాలుగు గాజు పెట్టెలు. ఇరవై మూడింటిలో జనం ఎక్కుతారు. పదిహేడోదానికి మాత్రం 'రిపేరు' అని బోర్డు తగిలించి ఉంటుంది. రిపేరూ లేదు, పాడూ లేదు... దానికి చెడ్డపేరుంది.

ఎప్పుడో ఒకావిడ ఒంటరిగా అందులో పైకెళ్లిందట. పెట్టె కిందికొచ్చింది — ఆవిడ రాలేదు. వేసిన తలుపు వేసినట్టే ఉంది.

ఇది నాకు చెప్పింది మా బావ. ఆ వీల్ తిప్పే పనిలో అప్పుడే కొత్తగా చేరాడు. ఆయనకి చెప్పింది అక్కడి పెద్ద ఆపరేటరు. అందరినీ నోరారా 'అల్లుడూ' అంటాడు కాబట్టి అందరికీ ఆయన మావయ్యే. ఆయాసం మనిషి, మాటకో దగ్గు.

మా బావ సంగతి చెప్పాలా? బొద్దింక కనిపిస్తే మంచమెక్కే రకం.

ఆరో రోజున బావ పరిగెత్తుకుంటూ వచ్చాడట. "మావయ్యా, ఇందాక నువ్వెక్కడున్నావు? పదిహేడులో ఎవరో దగ్గారు... అచ్చం నీ దగ్గే!"

మావయ్య గొంతు తగ్గించాడు. "అదే దాని తెలివి, అల్లుడూ. తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తుంది. నా గొంతైనా సరే, పలకొద్దు. పలికావో... బయట అది, లోపల నువ్వు."

తొమ్మిదో రోజు. మావయ్య పెందలాడే ఇంటికి పోతానని చెప్పి కనిపించకుండా పోయాడు. ఆఖరి రౌండు అయ్యాక వీల్ కట్టెయ్యాల్సింది బావ ఒక్కడే.

ఒక్కో పెట్టెనీ కిందికి దించి, లోపల చూసి, బయట గడియ వెయ్యాలి. పదహారు అయ్యాయి. పదిహేడు వచ్చింది.

బావ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తలుపు సరిగ్గా పడలేదు. తడిమితే సందులో మడిచిన అట్టముక్క... దాన్ని లాగి జేబులో కుక్కుకుని, తలుపు ధడేల్మని వేసి, గడియ బిగించాడు. మిగతావీ ముగించాడు. పదిహేడు కింద ఉంటే తను రాత్రి కాపలా ఉండే కంట్రోల్ గది కిటికీలోంచి కనిపిస్తుందని, దాన్ని శిఖరానికి తిప్పి మోటారు ఆపేశాడు.

అప్పుడు మోగింది — గదిలోని స్పీకరు, పెట్టెల్లోంచి మాట్లాడితే వినిపించేది. పదిహేడో నంబరు దగ్గర ఎర్రదీపం.

"అల్లుడూ..."

బావ గది తలుపుకి గొళ్లెం పెట్టాడు.

"అల్లుడూ... తలుపుకి గడియ పడిపోయింది. దించరా... ఊపిరాడట్లేదు..."

దగ్గు. మళ్లీ దగ్గు. అచ్చం ఆయన దగ్గే.

బావ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అయినా వినిపిస్తూనే ఉంది.

"ఏ దెయ్యమూ లేదురా... అది నేను అల్లిన కథ... నేనేరా, మీ మావయ్యని..."

దెయ్యం కాక ఇంకెవరంటారు ఆ మాట, అనుకున్నాడట మా బావ. స్పీకరు వైరు పీకేసి, బెంచీ కింద దూరి, తెల్లారేదాకా కదల్లేదు.

పొద్దున డ్యూటీవాళ్లు పదిహేడుని దించారు. లోపల దుప్పటి, దిండు. గాజు నిండా అరచేతుల గుర్తులు. తలుపుకి ఆనుకుని మావయ్య... ఒళ్లు ఎప్పుడో చల్లబడిపోయింది. ఫోనూ, ఆయాసం మందూ లాకర్లో భద్రంగా ఉన్నాయి.

ఊడ్చే ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. "రోజూ ఇందులోనే కునుకు తీసేవాడయ్యా! ఎవరూ లేపకుండా ఆ దెయ్యాన్ని పుట్టించాడు. గడియ పడకుండా అట్టముక్క కూడా పెట్టుకునేవాడే... ఏ పాపిష్టి చెయ్యి తీసిందో!"

అట్టముక్క బావ జేబులోనే ఉంది. ఇప్పటికీ దాన్ని పారెయ్యలేదు. మా అక్క ఎంత ఓదార్చినా, దాన్ని మడుస్తూ, విప్పుతూ, ఒకటే మాట అంటాడు.

"పలకొద్దన్నాడు... పలకలేదు."