బూట్లలో పాత పేపరు

"ఆ బూటు నాది."

చేతిలో బ్రయనీ ఎడమ బూటు, చంకలో పాత పేపరు. రూఫస్ దొరికిపోయిన దొంగలా నిలబడిపోయాడు. సోమవారం పొద్దున, టిఫిన్‌కి ఇంకా అరగంట ఉంది. బూట్లు ఆరబెట్టే ఆ చిన్న గదిలో తడి మేజోళ్ల వాసన తప్ప మూడో ప్రాణి లేదు.

"తడిగా ఉంటే... లోపల పేపరు కుక్కితే తేమ లాగేస్తుందని..."

"ఇక్కడ పద్నాలుగు జతలున్నాయి. నావే దొరికాయా?"

"అందుబాటులో ఉన్నాయి."

"పై అరలో ఉన్నాయండీ. మీవేమో కింద అరలో నానుతున్నాయి."

రూఫస్ చెవులు ఎర్రబడ్డాయి. బూటు ఆమె చేతిలో పెట్టి, తలుపు చట్రానికి తల కొట్టుకుని మరీ వెళ్లిపోయాడు.

బ్రయనీ బూటులో చెయ్యి పెట్టి చూసుకుంది. చీలమండ దగ్గర తాను కుట్టుకున్న మెత్త అలాగే ఉంది. అంటే అతను చూసే ఉంటాడు.

ఒకే బసలో ఉంటూ యార్క్‌షర్ కొండల్లో చేసే వారం రోజుల నడక అది. ముప్పై ఏళ్లుగా నడిపిస్తున్నది హిల్డా. వచ్చే ఏడాది నుంచి ఆమెకు తోడుగా ఇంకో మనిషి కావాలి. గురువారం పదమూడు మైళ్లు నడిచి చూపిస్తే ఆ పని నీదే అని బ్రయనీకి మాటిచ్చింది. లీడ్స్‌లో బీమా ఆఫీసు కిటికీలోంచి ఏడేళ్లుగా వానను చూస్తూ కూర్చున్న పిల్లకి అంతకన్నా ఏం కావాలి? అడ్డమల్లా ఒక్కటే. ఆ ఎడమ చీలమండ నవంబరులో విరిగింది. ఆ ముక్క హిల్డాకి చెప్పలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అప్పటినుంచి బ్రయనీకి రూఫస్ ఏం చేసినా అనుమానమే.

అనుమానించడానికి అతనూ తక్కువ తిన్లేదు. ఆదివారం అందరికీ కలిపి ఒకటే నడక. ఆ సాయంత్రం నుంచి హాల్లో గోడకి మూడు లిస్టులు పెట్టేవారు: తేలిక నడక, మధ్య నడక, కష్టం నడక. రూఫస్ తేలిక దాంట్లో పేరు రాసుకున్నాడు. బ్రయనీ కష్టం దాంట్లో రాసిన పది నిమిషాలకి తన పేరు కొట్టేసి, సరిగ్గా ఆమె పేరు కింద రాశాడు. పోనీ కొండలెక్కే మొనగాడా అంటే అదీ కాదు, చిన్న మిట్టకే కొలిమితిత్తిలా రొప్పుతాడు! పైగా గుంపులో అందరికన్నా చివర నడిచే బాధ్యత నాదేనంటూ రోజూ చెయ్యెత్తుతాడు. బ్రయనీ ఆగితే ఆగుతాడు. పొలం గేటు వస్తే మరీ దగ్గరికొచ్చేస్తాడు.

"మీరు ముందు నడవండి," అందామె ఒకసారి.

"అబ్బే, మీరే ముందు. తప్పకుండా మీరే ముందు."

బస్సు డ్రైవరుగా రిటైరైన క్లిఫర్డ్ ఇదంతా చూసి ముసిముసిగా నవ్వాడు. "ఆ కుర్రాడు నీ వెనకాలే తిరుగుతున్నాడు తల్లీ. ప్రేమేమో!"

"ప్రేమా నా బొందా! నిఘా."

మంగళవారం పొద్దున బూట్లలో మళ్లీ పొడి పేపరు. ఆ సాయంత్రం రూఫస్, హిల్డా మూల కూర్చుని గుసగుసలాడుతూ, బ్రయనీ రాగానే నోళ్లు మూసేశారు. ఇంకేముంది, అంతా చెప్పేశాడు అనుకుంది. ఆ రాత్రి ఆమె పుడ్డింగు కూడా ముట్టలేదు.

గురువారం వాన పట్టుకుంది. పన్నెండు మైళ్లు పళ్ల బిగువున నడిచింది. ఆఖరి మైలులో, రాతిగోడ దాటే మెట్ల మీద కాలు ఇక కదలనంది. మిగతావాళ్లు ముందున్న పొలం దాటి అవతలి గేటుకు చేరిపోయారు. వెనక రూఫస్ ఒక్కడే.

"వెళ్లండి," అంది బ్రయనీ మెట్ల మీద కూలబడి. "వెళ్లి హిల్డాకి చెప్పండి."

"ఏమని?"

"తెలియనట్టు అడక్కండి! నా కాలు వాచిందని. అందుకేగా నా వెనక తిరుగుతున్నారు? మంగళవారం ఆవిడ చెవిలో ఊదుతుంటే చూడలేదనుకున్నారా?"

"నేను వెళ్లలేనండీ."

"ఎందుకని?"

రూఫస్ వేలు చూపించాడు. పొలంలో ఇరవై కోడెదూడలు తలలెత్తి వీళ్లనే చూస్తున్నాయి.

"నాకు భయం. ఆవులన్నా, ఎద్దులన్నా, దూడలన్నా."

"మీకు షెఫీల్డ్‌లో చీజ్ కొట్టు ఉందిగా!"

"చీజ్‌కి కాళ్లుండవుగా."

బ్రయనీ దూడల వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది.

"ఆదివారం మీరు మ్యాప్ ఊపి 'జరగండెహె!' అనగానే దారిచ్చాయి. ఈమె వెనకాల ఉంటే బతికి బట్టకడతాను అనుకున్నాను. హిల్డాని అడిగింది కూడా ఇవాళ దారిలో పశువులుంటాయా అనే. నలుగురిలో నవ్వులపాలవుతానని గుసగుసగా అడిగాను."

"మరి బూట్లు?"

"మొదటిరోజు, మీరు రాకపోతే నా గతేంటని. తర్వాత..." టోపీ అంచు మీంచి వాన కారుతోంది. "నిన్న కొండమీద గొర్రెలు తప్ప ఏమీ లేవు. అయినా మీ వెనకే నడిచాను. అప్పుడు నా మీద నాకే అనుమానం వచ్చింది."

బ్రయనీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కాలు సంగతి?"

"ఆదివారమే చూశాను. మీరు దాచుకున్నది నేనెందుకు చెప్తాను?"

అవతల హిల్డా ఈల వేసింది. తలలు లెక్కపెట్టుకుని రెండు తగ్గాయని చూసుంటుంది. ఇంకాసేపుంటే తనే వెనక్కొచ్చేస్తుంది.

"చెయ్యివ్వు," అంది బ్రయనీ. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

దూడల వైపు రూఫస్ నడిచాడు, కళ్లు గట్టిగా మూసుకుని. బరువంతా అతని భుజం మీద వేసి బ్రయనీ కుంటుతూ అరిచింది, "జరగండెహె!" దూడలు జరిగాయి.

"ఇంతసేపా?" గేటు దగ్గర హిల్డా గద్దించింది.

"నావల్లే," అన్నాడు రూఫస్ గబగబా. "నాకు ఆవులంటే భయం. చెయ్యి పట్టుకుని ఈమే దాటించింది."

అందరూ గొల్లుమన్నారు. "చీజ్ అమ్ముకునేవాడివి, ఆవంటే భయమేంట్రా!" అని క్లిఫర్డ్ పొట్ట పట్టుకున్నాడు. రూఫస్ ఎర్రటి చెవులతో నేల చూస్తున్నాడు. తన ఉద్యోగం కోసం అతను దాచుకున్న పరువంతా నడిరోడ్డున పారబోశాడని బ్రయనీకి అర్థమైంది.

"అందులో సగమే నిజం," అంది. "నా చీలమండ నవంబరులో విరిగింది. మీకు చెప్పకుండా దాచాను. నన్ను ఇతనే దాటించాడు."

నవ్వులు ఆగిపోయాయి.

"మెట్లు పక్కవాటుగా దిగేవాళ్లని ముప్పై ఏళ్లుగా చూస్తున్నానమ్మా," అంది హిల్డా. "ఆదివారమే తెలుసు. విరిగిన కాలు మానుతుంది. నిజం దాచే మనిషికి పన్నెండు మందిని ఎలా అప్పగించను? నువ్వే నోరు విప్పుతావేమోనని చూశాను."

"అంటే..."

"అంటే డాక్టరు చీటీ పట్టుకుని వచ్చే ఏప్రిల్‌లో పనిలోకి రా. ఇప్పుడు కారు తెప్పిస్తాను, ఎక్కు."

శుక్రవారం పొద్దున, టిఫిన్‌కి అరగంట ముందు, బూట్ల గది గుమ్మంలో రూఫస్ ఆగిపోయాడు.

"ఆ బూటు నాది."

"తడిగా ఉంది," అంది బ్రయనీ, చేతిలో పాత పేపరుతో.

"పద్నాలుగు జతల్లో నాదే దొరికిందా?"

"అందుబాటులో ఉంది."

"కింద అరలో ఉందే!"

"కట్టు కట్టిన కాలితో వంగి మరీ తీశాను. ఇంకా అనుమానమా?"

రూఫస్ చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

"తేలిక నడకలో ఇద్దరి పేర్లూ రాశాను," అంది ఆమె పేపరు కుక్కుతూ. "అర మైలు కాలవ గట్టు, ఆ చివర టీ కొట్టు. కాలు అంతకన్నా ఒప్పుకోదు. అక్కడ పశువులుండవు. మరి నా వెనక నడవడానికి ఇవాళ ఏం సాకు చెప్తావు?"

"వెనక ఎందుకు?" అన్నాడు రూఫస్. "గట్టు వెడల్పుగానే ఉందిగా."