చేపల బజారులో టిబెట్ ఐసు

ఉదయం పదికే నర్సీపట్నం రోడ్డు మీద తారు మెత్తబడింది. ఏజెంట్ గంగాభవాని చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లోంచి చీఫ్ ధర్మారావు గొంతు పలికింది.

"టార్గెట్ చేపల బజారులో చేతులు మారబోయే తెల్ల థర్మోకోల్ పెట్టె. అందులో టిబెట్ పీఠభూమి మీద తవ్వి తీసిన ఐసు. విదేశీ ముఠా మన ల్యాబ్ నుంచి కొట్టేసింది. ఆ పీఠభూమి వేడెక్కే తీరును బట్టి మన వానల నడక మారుతుంది. వేల ఏళ్ళ వానల జాడ ఆ ఐసు పొరల్లో ఉంది. అది తీసిన మంచుకొండ ఇప్పుడు లేదు, కరిగిపోయింది. రెండో ముక్క దొరకదు."

"అర్థమైంది సార్."

నాతవరంలో ఆమె నాన్న నారుమడి ఈ ఏడు రెండుసార్లు ఎండిపోయింది. వాన ఎందుకిలా దారి తప్పుతోందో చెప్పే సాక్ష్యం ఆ ఐసే. అందుకే పాలు తాగే పిల్లను అమ్మకు అప్పగించి, హోటలుకు చేపలు కొనే మనిషి వేషంలో బజారుకు వచ్చింది. సంచిలో పాల ఫ్లాస్కు ఉంది. దాని లోపల కూలింగ్ సెల్, మూత మీద ఉష్ణోగ్రత మీటరు.

చేపల తట్టల మధ్య ఒకామె ఎదురైంది. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, చేపల వాసనను కూడా పక్కకు నెట్టేసే సెంటు. పుష్పవతి! ముఠాలోకి చీఫ్ పంపిన మన మనిషి.

"చందువా చేపలు తాజావేనా?" గంగాభవాని కోడ్ వర్డ్ వేసింది.

"పాయకరావుపేట నుంచి పొద్దున్నే వచ్చాయి."

జవాబు సరైనదే. కానీ ఆ వెంటనే పుష్పవతి పిస్టల్ మొన గంగాభవాని పక్కటెముకలకు ఆనింది.

"సారీ చెల్లీ. ముఠా వాళ్ళు విదేశానికి వీసా ఇప్పిస్తామన్నారు."

ముఠా డ్రైవర్ మన్మథరావు వ్యాను దిగి, పక్కనే చేపల తట్టల దగ్గరున్న తెల్ల పెట్టె మూత తీశాడు.

"మేడమ్! ఖాళీ!"

పుష్పవతి తల తిప్పింది. ఆ ఒక్క క్షణం చాలు. గంగాభవాని మోచేయి విసురుకు పిస్టల్ చేపల తట్టలో పడింది, సంచి నేలకు కొట్టుకుంది. జనంలో కలిసి ఉన్న మఫ్టీ కానిస్టేబుళ్ళు పుష్పవతినీ, మన్మథరావునీ వంచి పట్టుకున్నారు.

"ఐసేదీ?" అంది గంగాభవాని.

పక్కనే చేపలమ్మే జోగులమ్మ చెక్కసుత్తి తుడుచుకుంటూ చూసింది.

"ఏటమ్మా, ఐసుకింత గొడవ? ఆ పెట్టి ఎవులో నా పక్కన ఒగ్గీసి ఎల్లిపోనారు. నా ఐసయిపోనాది. పక్కోల్లది తీసుకోడం మాకలవాటే, రేపు మనమిచ్చీడమే. కొట్టీసి వంజరం సేపల మీద జల్లీసినాను. ఏటి గట్టి ఐసే తల్లీ, సెయ్యి నొప్పెట్టీసింది!"

గంగాభవాని చేపల మధ్య రెండు చేతులూ దూర్చి వెతికింది. గుప్పెడంత ముక్క తగిలింది. చెవి దగ్గర పెడితే చిటపటమంటోంది. ఐసులో చిక్కుకున్న ఎన్ని వేల ఏళ్ళ నాటి గాలో, చేపల బజారులో కలిసిపోతోంది. ఫ్లాస్కు మూత తిప్పింది. లోపలి గాజు పగిలి ఉంది. మీటరు ముప్పై ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది.

"అత్తా! ఎక్కడన్నా ఐసుందా?"

"ఎక్కడిదే? అందరిదీ అయిపోనాది. ఐసు బండి పన్నెండుకి గాని రాదు. అలా పట్టుకుంటే బేగి కరిగిపోద్ది, ఒగ్గీ."

ఎక్కడ ఒగ్గాలో ఆమెకు తెలియలేదు. గుప్పిట బిగిస్తే కరుగుతోంది, తెరిస్తే ఎండ తగులుతోంది. మోచేతి దాకా నీళ్ళు కారాయి.

"ముఠా దొరికింది. శభాష్!" అన్నాడు చీఫ్. "ఐసు భద్రమేనా?"

ఆమె చేతులు చూసుకుంది. అరచేతుల్లో నీళ్ళే మిగిలాయి.

సాయంత్రం రిపోర్టులో అరెస్టయినవారు ఇద్దరని రాసింది. 'పరారీలో ఉన్నవారు' అన్న గడి దగ్గరికి వచ్చింది.

"ఎండ" అని రాసి సంతకం పెట్టింది.