బూడిదపిట్ట మూడో పోస్టు

లిఫ్ట్ నాలుగో అంతస్తులో బయల్దేరినప్పుడు కోడ్ నిపుణుడు బతికే ఉన్నాడు. కింద తలుపులు తెరుచుకునేసరికి లేడు. మెడ వెనక ఆవగింజంత నెత్తుటి చుక్క. పిడికిట్లో నలిగిన ప్రింటవుట్.

మర్నాడు ఉదయం పదింటికి ఆ కాగితం గూఢచార శాఖ డైరెక్టర్ టేబుల్ మీద ఉంది. ఎదురు కుర్చీలో మాష్టారు.

మాష్టారు అన్నది పేరు కాదు. శత్రుదేశంలో తొమ్మిదేళ్ళు లెక్కల టీచర్ వేషంలో గడిపి వచ్చాక డిపార్ట్‌మెంట్ తగిలించిన పిలుపు. యాభై రెండేళ్ళ వయసు, మూడు పాస్‌పోర్టులు, రెండు బుల్లెట్ మచ్చలు, మెట్లెక్కితే కిర్రుమనే మోకాలు. నెలరోజుల సెలవు కోసం దరఖాస్తు రాసి జేబులో పెట్టుకొచ్చాడు. డైరెక్టర్ ముఖం చూశాక జేబులో చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.

"ఏడో క్లాస్," అన్నాడు డైరెక్టర్.

"నేను ఒకసారి తప్పానండీ అందులో."

"బడిది కాదయ్యా. ఆన్‌లైన్ గేమ్‌ది. కత్తులు, డ్రాగన్లు, మంత్రాలు. ఆడేవాళ్ళు ఆరు రకాల పాత్రల్లో ఒకటి ఎంచుకోవాలి. యోధుడు, విలుకాడు, వైద్యుడు, అలా. ఆ రకాన్ని క్లాస్ అంటారు. ఇప్పుడు ఏడోది వస్తోంది. కంపెనీ లాంతరు పట్టుకున్న నీడ బొమ్మ ఒకటి వదిలి నోరు మూసుకుంది. అదేమై ఉంటుందా అని ఆటగాళ్ళ ఫోరంలో ఆరువేల పోస్టులు."

"మనవాడు పోయింది వాటి కోసమా?"

"అందులో మూడు పోస్టులకు సున్నా చుట్టాడు. మూడూ 'బూడిదపిట్ట' అనే అకౌంట్‌వే. విదేశీ ముఠా ఆ ఊహల మాటున మెసేజ్‌లు పంపుతోందని నా అనుమానం." డైరెక్టర్ గొంతు తగ్గించాడు. "ముఠాలోంచి పారిపోయొచ్చి మన దగ్గర దాక్కున్న శాస్త్రవేత్త ఇవాళ పన్నెండింటికి జడ్జి ముందు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ముఠా మనుషులు, ఇళ్ళు, అన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. కాగితం మీద ఒక్క ముక్క లేదు."

"ఆయన్ని దాచిన చోటు ఎవరెవరికి తెలుసు?"

"నాకు, ఆయనతోపాటు లోపల ఉంటున్న నెమలికి, కింద కాపలా ఉన్న ఇద్దరికి."

నెమలి డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తుంటే రాయబారులు మాట మధ్యలో ఆగిపోయేవారు. రెండేళ్ళ క్రితం ఆమెను ఇటు తిప్పింది మాష్టారే. ముఠా మాత్రం ఆమె ఇంకా తమ మనిషే అనుకుంటోందని డిపార్ట్‌మెంట్ నమ్మకం.

"ఈ గొడుగు తీసుకెళ్ళు. కొత్త మోడల్. బటన్ నొక్కితే ఏనుగైనా పడిపోతుంది," అన్నాడు డైరెక్టర్.

మాష్టారు గొడుగు చంకన పెట్టుకుని తిన్నగా ఇంటికి వెళ్ళాడు. రహస్య కాగితాన్ని ఇంట్లో చూపించడం నేరమని తెలుసు. ఆరువేల పోస్టులు చదివే ఓపిక మాత్రం తనకు లేదు. ఆ ఓపిక ఉన్న మనిషి ఒక్కరే తెలుసు.

అత్తగారికి డెబ్భై ఒకటి. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసింది. డైనింగ్ టేబుల్ ముందు హెడ్‌సెట్ పెట్టుకుని, తెర మీద అదే ఆటలో ఎవరికో కట్టు కడుతోంది.

"అత్తయ్యా, ఒక్క నిమిషం."

"ఉండు నాయనా, వీడు చచ్చేలా ఉన్నాడు." రెండు మీటలు నొక్కి, హెడ్‌సెట్ తీసింది. "ఆఁ. ఏంటి పగటిపూట ఇంటికొచ్చావు? ఉద్యోగం ఊడిందా?"

"అంత అదృష్టమా. ఇది చూడండి."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మొదటి సున్నా దగ్గర ఆగింది. "'పద్నాలుగో లెవెల్లో మూడో స్కిల్ తెరుచుకుంటుంది.' ఛ, అలా ఎలా కుదురుతుంది? మా ఆటలో స్కిల్స్ పదికీ ఇరవైకీ తప్ప తెరుచుకోవు." రెండోది చదివింది. "'కూల్‌డౌన్ పదకొండు నిమిషాల నలభై సెకన్లు.' ఒక స్కిల్ వాడాక మళ్ళీ వాడ్డానికి ఆగే టైమే కూల్‌డౌన్. రెండు నిమిషాలు దాటిందే లేదు. ఎవడో ఆట తెలియని..." కింద పేరు చూసి ఆగిపోయింది. "ఇది మా బూడిదపిట్ట కదూ! దానికి ఇదంతా కొట్టినపిండి. ఇలా ఎందుకు రాసింది?"

మాష్టారు కుర్చీలో కూలబడ్డాడు. "మీకు తెలుసా?"

"రోజూ మధ్యాహ్నం వస్తుంది. నన్ను పిన్నీ అంటుంది. ఎక్కడో ఫ్లాట్‌లో ఒక పెద్దాయనకు కాపలాట. ఆయన రోజంతా కూనిరాగాలు తీస్తూ, కిటికీ తెరవనివ్వడట. విసుగెత్తిపోతోంది పిచ్చిపిల్లకి."

బూడిదపిట్ట నెమలేనని, నలుగురికే తెలిసిన రహస్యం తన ఇంటి డైనింగ్ టేబుల్ మీద కబుర్లలో దొర్లుతోందని తెలిసి మాష్టారుకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. "మూడోది చదవండి," అన్నాడు.

ఆవిడ మెల్లగా చదివింది. "'ఏడో క్లాస్ రెండు పక్షాలకూ కట్టు కడుతుంది. రెండు గిల్డులూ దాన్ని వాడుకుంటాయి. ఏదీ చేర్చుకోదు. దాని లాంతరు వెలుగు దానికి తప్ప అందరికీ పనికొస్తుంది.'" కాగితం కింద పెట్టింది. "గిల్డంటే ఆటలో జట్టులే. మొదటి రెండూ ఎవరికో కబురు పెట్టడానికి రాసినట్టున్నాయి. ఇది మాత్రం తన గోడే. నిన్న చదివాను నాయనా. ఏం జవాబివ్వాలో తెలీక ఊరుకున్నాను."

మాష్టారు ఫోన్ తీశాడు. "సార్, శాస్త్రవేత్త ఉన్నది పద్నాలుగో అంతస్తు, మూడో ఫ్లాటా?"

"నీకెవరు చెప్పారు?"

"ఫోరం మొత్తానికీ చెప్పేశారు. పదకొండు నలభైకి ముహూర్తం."

కాపలా ఉన్న ఇద్దరూ ఫోన్ ఎత్తడం లేదు. టీమ్ చేరాలంటే ముప్పావుగంట. డైరెక్టర్ అడ్రస్ చెప్పాడు. మాష్టారు ఇంటి నుంచి అరగంట దారి.

"అత్తయ్యా, ఫోన్ పక్కనే ఉంచుకోండి."

పదకొండూ ఇరవై ఎనిమిదికి చేరాడు. కాపలావాళ్ళిద్దరూ కాఫీ కప్పుల ముందు గురకపెడుతున్నారు. లిఫ్ట్‌కు 'రిపేరులో ఉంది' అని బోర్డు. పద్నాలుగు అంతస్తులు. ఏడో అంతస్తు దగ్గర మోకాలు మొరాయించింది. దాన్ని బతిమాలుకుంటూ, తిట్టుకుంటూ పైకి చేరి బెల్ కొట్టాడు.

నెమలి తలుపు తీసింది. ముస్తాబు ఎప్పటిలాగే ఉంది. కళ్ళ కింద నలుపు మాత్రం పౌడర్‌కు లొంగలేదు. లోపలి గదిలోంచి కూనిరాగం వినిపిస్తోంది.

"మీరొస్తారనుకోలేదు మాష్టారూ."

"నేనూ అనుకోలేదు. ఎందుకు చేశావు?"

ఆమె బుకాయించలేదు. "నా సంగతి వాళ్ళకు తెలిసిపోయింది. తమ్ముడు వాళ్ళ చేతుల్లో ఉన్నాడు. చోటు చెప్పి, తలుపు తీస్తే చాలన్నారు." గోడకు ఆనుకుంది. "అలసిపోయాను. ఏ వైపు ఎవరికి ఏ అబద్ధం చెప్పానో గుర్తుపెట్టుకోలేక అలసిపోయాను."

అదే మాట అతనిదీ. ఫోన్ కలిపి, అత్తగారికి రెండు ముక్కల్లో సంగతి చెప్పి, ఆమె చేతికిచ్చాడు.

"అమ్మాయ్, పిన్నిని. తమ్ముడి సంగతి నాకు ఒక్క ముక్క చెప్పొద్దూ?" అంది అత్తగారు. "నువ్వు రాసింది చదివాను. నా గిల్డ్‌లో చోటుంది. వింటున్నావా?"

నెమలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లిప్‌స్టిక్ చెదిరింది.

"ముఠా ఇళ్ళన్నీ లోపల ఉన్న ఆయనకే తెలుసు. ఆయన బతికుంటేనే నీ తమ్ముడు దొరుకుతాడు," అన్నాడు మాష్టారు.

బయట అడుగుల చప్పుడు. పదకొండూ నలభై.

"లిఫ్ట్ మెకానిక్‌నండీ," అందో గొంతు. "ఏడోది ఏ క్లాస్ అంటారు?"

అదీ కోడ్. నెమలి మాష్టారు వైపు చూసింది. అతను తలుపు చాటుకు జరిగాడు.

"వైద్యుడే," అని గడియ తీసింది.

ఖాకీ దుస్తులవాడు లోపలికి అడుగుపెట్టాడు. వాడి వేళ్ళ మధ్య సూది మెరిసింది. మాష్టారు గొడుగు వాడి వీపుకు ఆనించి బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. ఛార్జింగ్ లేదు.

సరిగ్గా అప్పుడే శాస్త్రవేత్త రాగం తీస్తూ గదిలోంచి వచ్చాడు. మెకానిక్ ఆయన మీదికి దూకాడు. నెమలి టీ ట్రే లాగి మధ్యలో అడ్డం పెట్టింది. శాస్త్రవేత్త గొంతుకు బెత్తెడు దూరంలో సూది ట్రేకు తగిలి విరిగింది. మాష్టారు గొడుగు వంపు వాడి కాలికి తగిలించి, తొమ్మిదేళ్ళ లెక్కల టీచరు కోపమంతా కలిపి లాగాడు. వాడు బోర్లా పడ్డాడు. మాష్టారు వాడి మీద కూర్చున్నాడు. అందులో వ్యూహమేమీ లేదు. నిలబడే ఓపిక లేదంతే.

శాస్త్రవేత్త పన్నెండింటికి నోరు విప్పాడు. మూడింటికల్లా పదకొండు ఇళ్ళ మీద రెయిడ్లు జరిగాయి. ఆఖరి ఇంట్లో నెమలి తమ్ముడు దొరికాడు, చిక్కిపోయి, ప్రాణాలతో. నెమలిని కస్టడీలోకి తీసుకున్నారు. జీపెక్కేముందు ఆమె ఒక్కటే అడిగింది, "లోపల ఇంటర్నెట్ ఉంటుందా?"

సాయంత్రం డైరెక్టర్ రిపోర్ట్ ఫారం ముందేసుకున్నాడు.

"కోడ్ విప్పిన ఇన్ఫార్మర్ కోడ్‌నేమ్ ఏం రాయమంటావు?"

"అత్తయ్య."

"అదేం కోడ్‌నేమయ్యా?"

"కోడ్‌నేమ్ కాదు సార్," అన్నాడు మాష్టారు, బూటు విప్పి మోకాలు రుద్దుకుంటూ. "ర్యాంకు. మన ఇద్దరికంటే పైన."