గోడ మీది గుండీ గుర్తులు

ఆదివారం పొద్దున్నే కూతురు దూదీ, మరకలు తుడిచే మందుసీసా, బ్రష్షులూ ముందేసుకుని హాల్లో బైఠాయించింది. పాత కట్టడాలు బాగుచేయడం ఆ పిల్ల వృత్తి. ఊరందరి ఇళ్ళూ అయ్యాక ఇప్పుడు సొంత నాన్నమ్మ ఇల్లే చేతికొచ్చింది. నాన్నమ్మంటే మాటలా, ఆడవాళ్ళలో అందరికన్నా ముందు వేధశాలలో అడుగుపెట్టిన ఖగోళ శాస్త్రవేత్త! వచ్చే వారం ఇల్లు మ్యూజియం అవుతుంది, వీళ్ళు పక్క వీధికి మారతారు. పెద్దావిడ పోయిన రోజున ఇల్లెలా ఉందో అలాగే ఉండాలని మ్యూజియం వాళ్ళ షరతు. తర్వాత వచ్చినవన్నీ బయటికే.

"నన్ను కూడా బయట పెడతారేమో కనుక్కో" అన్నాడు తండ్రి, పేపర్లోంచి తలెత్తకుండా.

"నువ్వు నాన్నమ్మ నాటి వస్తువువే నాన్నా. కదలకుండా అక్కడే కూర్చో."

తల్లి నవ్వలేదు. కుట్టుమిషను దగ్గర చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుంది గానీ కళ్ళు పడమటి గోడ మీదే ఉన్నాయి.

తూర్పు కిటికీ తలుపుకి శనగగింజంత కంత ఉంది. ప్రతి ఆదివారం సరిగ్గా ఎనిమిదింటికి అందులోంచి వచ్చే ఎండచుక్క ఎక్కడ పడితే అక్కడ అత్తగారు పెన్సిల్‌తో గుర్తు పెట్టి తేదీ వేసేది. ఏడాది తిరిగేసరికి గుర్తులన్నీ కలిసి ఎనిమిది అంకెలా వచ్చేవి. నలభై ఏళ్ళుగా ఆ గోడకి సున్నం వేయించే ధైర్యం ఎవరూ చేయలేదు.

"అమ్మా, ఈ చిన్న సున్నాలు నీవేగా? నాన్నమ్మ పోయాక కూడా తేదీలున్నాయి. ఐదేళ్ళుగా గీస్తూనే ఉన్నావా?"

"అలవాటైపోయిందే."

"అలవాటేంటమ్మా, ఇది చరిత్ర. నాన్నమ్మవి నిలువు గీతలు. మధ్యలో నీ సున్నాలేంటని రేపు చూసేవాళ్ళు అడగరూ? తుడిచేస్తున్నా."

నోరు విప్పితే అత్తగారి గుట్టు రట్టవుతుంది. విప్పకపోతే ఆవిడతో గడిపిన ఆదివారాలన్నీ దూదికి అంటుకుపోతాయి. ఆవిడ పరువు కన్నా అవి ఎక్కువా అనుకుంది తల్లి.

"తుడిచెయ్" అంది.

కూతురు దూది తడిపి, మొట్టమొదటి సున్నా ఎక్కడుందో వెతికింది. తేదీ చదివి ఆగిపోయింది. అది నాన్నమ్మ పోవడానికి తొమ్మిదేళ్ళ ముందుది. ఆ తర్వాత ఒక్క నిలువు గీతా లేదు. వెనక్కి తిరిగి తల్లి ఒళ్ళోని చొక్కా చూసింది. గుండీలు కుట్టాల్సిన చోట సుద్దతో అవే సున్నాలు, పైన కాస్త కలవకుండా.

"అమ్మా, ఇవి నాన్నమ్మ ఉండగానే నువ్వు పెట్టావు."

తల్లి కళ్ళు నిండిపోయాయి. "ఆవిడకి చూపు పోయిందే. టైము కాగానే 'ఎక్కడుందే చుక్క' అనేది, నేను గుర్తు పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది. చూపులేనిదాని లెక్కలు ఎవరు నమ్ముతారని ఆవిడ భయం. ఇప్పుడు నా వల్లే ఆవిడ పేరు పోతుంది."

తండ్రి పేపరు దించాడు. "ప్రతి ఆదివారం అత్తాకోడళ్ళు హాలు తలుపేసుకునేది ఇందుకా? ఇద్దరూ నా మీద చాడీలు చెప్పుకుంటున్నారనుకున్నా ఇన్నాళ్ళూ."

"పేరెందుకు పోతుందమ్మా? చూడ్డం నేర్పింది ఆవిడ, చూసింది నువ్వు. గోడ పక్కన అదే రాయిస్తా. ఒక్క సున్నా అయినా వరస తప్పిందేమో చూడు."

"గుండీ వరస తప్పితే చొక్కా ఎవడు తొడుక్కుంటాడు" అంది తల్లి, ఏడుస్తూనే.

కూతురికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మరి ఆవిడ పోయాక ఎందుకు మానలేదు?"

"మానేస్తే ఆవిడ నిజంగా పోయినట్టే కదే."

కూతురు దూది చెత్తబుట్టలో పడేసి, తల్లిని గట్టిగా కావలించుకుంది. చాలాసేపటికి వదిలి, ఫోన్ తీసి మ్యూజియం ఆఫీసుకి చేసింది.

"ఇల్లు ఆ రోజున ఉన్నట్టే ఉంచడం కుదరదండీ. ఇక్కడ పని ఇంకా నడుస్తోంది. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదికి మా అమ్మ వస్తుంది, తాళం తీసి ఉంచండి."