కేదార్‌కు మైనస్ రెండు

ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్ళు: సూదిలో దారం ఎక్కించడానికి రోజుకు పదిసార్లు నన్ను పిలిచే కాంతవ్వ పెద్దమ్మ, పేపరును చెయ్యంత దూరం పెట్టి చదువుతూ అద్దాలంటే మాత్రం కస్సుమనే అంబదాస్ పెద్దనాయన, జాకెట్టు గుడ్డ ఇచ్చిపోదామని మేడ మీద నుంచి దిగి గంటగా కూర్చున్న ఇంటి ఓనరు ఛాయాదేవి గారు, నేను.

నలుగురం. ఎనిమిది కళ్ళు.

గుమ్మం బయట వర్షంలో ఇంకొకడు నిలబడి ఉన్నాడు. అతన్ని నేను కావాలనే లెక్కపెట్టలేదు.

"ఎందుకొచ్చినవ్?" అన్నాను.

"లెన్సుల పెట్టె తెచ్చా. కాలేజీలో నా పేరు మీద సంతకం పెట్టి." కేదార్ తన చొక్కా తడిసినా పెట్టె తడవకుండా పాలిథిన్ కవరు చుట్టాడు. "రేపు మళ్ళీ టెస్ట్ కదా. ప్రాక్టీసుకి."

"పెట్టె ఇచ్చి పో."

"నా పేరు మీద ఉంది రజనీ. ఒక్క లెన్స్ పోయినా..."

"నేను దొంగనా?"

"అయ్యో, అలా అన్లేదు..."

"ఏందే, వచ్చిన పిలగాన్ని గట్లనే వానల నిలవెడ్తవా?" లోపలి నుంచి పెద్దమ్మ అరిచింది. "రా బిడ్డా, లోపటికి రా. దీనికి నిన్నటి సంది కోపమొచ్చింది. అన్నం సుత సక్కగ తింటలేదు."

కోపం కాదు. కోపమైతే డైరీలో ఒక పేజీతో అయిపోయేది. నేను నాలుగు పేజీలు రాశాను.

కేదార్, నేను పంజాగుట్టలో కంటి పరీక్షల కోర్సు చదువుతున్నాం. ఇద్దరం ఒకే బ్యాచ్. పేషెంట్లను ముట్టుకోవాలంటే ముందు ఒక టెస్ట్ పాసవ్వాలి. సుమశ్రీ మేడం ముందు, ఎప్పుడూ చూడని మనిషి కళ్ళు పరీక్షించి పవర్ రాయాలి. తర్వాత మేడం తనూ చూస్తారు. ఆమెకూ నాకూ తేడా వస్తే ఫెయిల్. రెండుసార్లు ఫెయిలైతే కింది బ్యాచ్‌తో కూర్చోవాలి.

దానికోసం రెండు నెలలు జతలుగా ఒకరి కళ్ళు ఒకరం చూసుకున్నాం. నా జత కేదార్.

మొదటి రోజు "కింది లైన్ చదవండి" అనడానికే నాకు గొంతు పెగల్లేదు. ఊళ్ళో బడిలో హాజరు పిలిస్తే చెయ్యి మాత్రం ఎత్తేదాన్ని, పలికేదాన్ని కాదు. కేదార్ నవ్వలేదు. నా పెదాలు కదిలాయో లేదో, కింది లైన్ చదివేశాడు.

ఒక లెన్స్ పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టి "ఇదా, ఇదా?" అని అడగాలి. అడగ్గానే "రెండోది" అనేవాడు, లేకపోతే "మొదటిది" అనేవాడు. ఒక్కసారీ తడబడలేదు. ఇరవై సార్లు చూశాను. ఇరవై సార్లూ మైనస్ ఒకటీ పావు. అతని కళ్ళద్దాల చీటీలో ఉన్నదీ అదే. నాకు పని వచ్చేసిందని ఊళ్ళో బాపుకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

నిన్న శనివారం టెస్ట్. కుర్చీలో బట్టల షాపు సేల్స్‌మన్ ఒకతను కూర్చున్నాడు. లెన్సులు అందించడానికి కేదార్ నా పక్కనే ఉన్నాడు.

"ఇదా, ఇదా?" అన్నాను.

"రెండు ఒక్కతీర్గనే ఉన్నయి అక్కా."

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అన్నాడు. తల తిప్పి కేదార్ వైపు చూశాను. మేడం గడియారం చూశారు.

"నీ పేషెంట్ కుర్చీలో ఉన్నాడు రజనీ, పక్కన కాదు. సోమవారం మళ్ళీ టెస్టుకు రా."

మెట్ల మీద కేదార్ నన్ను ఓదార్చడానికి వచ్చాడు. "నువ్వేం ఫీలవకు. నాకైతే నా పవర్ తెలుసు కాబట్టి, దానికి సరిపోయే జవాబే చెప్పి నువ్వు దారి తప్పకుండా చూసుకునేవాణ్ణి. పాపం ఆయనకేం తెలుసు?"

అది ఓదార్పు అనుకున్నాడు!

మా బాపు మగ్గం నేస్తాడు. ఊళ్ళో క్యాంపు పెట్టి ఎవరో తొందరపడి తప్పు అద్దాలు ఇచ్చారు. ఏడాదంతా తలనొప్పితో, తెగిన పోగు కనిపించక, తప్పు తన కళ్ళదే అనుకుంటూ నేశాడు. అలాంటి అద్దాలు ఇచ్చేదాన్ని కాకూడదనే ఈ కోర్సులో చేరాను. కేదార్ నవ్వుతూ నవ్వుతూ నన్ను సరిగ్గా అలాంటిదాన్నే చేశాడు.

అలాంటివాడు ఇప్పుడు మా పెద్దమ్మ ఇచ్చిన తువ్వాలతో తల తుడుచుకుంటున్నాడు.

కుట్టు మిషన్ గదిలో కిటికీకి దుప్పటి కట్టాం. పరీక్షకు గది మసకగా ఉండాలి. తలుపు వేయబోతే పెద్దమ్మ అడ్డం వచ్చి పరదా మాత్రం దించింది. పరదా వెనకే స్టూల్ వేసుకుని కూర్చుంది.

ముందు పెద్దమ్మనే లోపలికి పిలిచి ఆమె కళ్ళు చూశాను, తర్వాత ఛాయాదేవి గారివి. పెద్దనాయన "నాకేం తక్కువైంది?" అని గొణుగుతూనే కూర్చుని, లెన్స్ పెట్టి పేపరు చేతికివ్వగానే "ఓరి, గియ్యి అక్షరాలా?" అన్నాడు. కేదార్ లెన్సులు అందించాడు.

"ఆ అబ్బాయివి కూడా చూడమ్మా" అన్నారు ఛాయాదేవి గారు.

"ఆయన అబద్ధాలు చెప్తడు."

"ఏంటమ్మా ఆ కోపం! ఎంత అబద్ధాలోడైనా కళ్ళు కళ్ళే కదా."

ఆవిడ ఊరికే అన్న మాట నాకు సూటిగా తగిలింది. నిజమే. పేషెంట్ ఏం చెప్పినా చెప్పకపోయినా పవర్ చూసే పద్ధతి ఒకటుంది. పెట్టెతో పాటు కేదార్ తెచ్చిన, టార్చిలాంటి రెటినోస్కోపుతో వెలుగు గీతను కంట్లోకి వేసి అటూ ఇటూ కదపాలి. నల్లగుడ్డులో వెలుగు మనతో పాటు కదులుతుందా, ఎదురు కదులుతుందా చూసి లెన్స్ మార్చాలి. కదలిక ఆగినచోట లెక్క కడితే పవర్ తెలుస్తుంది. కేదార్ జవాబులకు అలవాటుపడి నేను దాన్ని పక్కన పడేశాను.

"కూసో" అన్నాను. "నోరు తెరిచినవంటే పెట్టె నెత్తిన పెట్టి పంపిస్త."

కూర్చున్నాడు. దూరంగా గోడ మీద చూడమన్నాను. మైనస్ ఒకటీ పావు అయితే వెలుగు నా చేతితో పాటు కదలాలి.

ఎదురు కదిలింది.

నేనే తప్పు చేశాననుకున్నాను. మళ్ళీ చూశాను. మూడోసారి చూశాను. లెన్స్ మార్చి, ఆగినచోట లెక్క కట్టాను. మైనస్ రెండు.

"కేదార్, నీ చీటీ ఎప్పటిది?"

అతను మూసిన నోటి వైపు వేలు చూపించాడు.

"తెరువ్!"

"ఇంటర్ ఫస్టియర్. మా ఊళ్ళో తీసుకున్నా."

దుప్పటి లాగేసి, లెన్సులు బిగించే ఫ్రేములో మైనస్ రెండు పెట్టి, అతనికి తగిలించి, ఎదురుగోడ క్యాలెండరు చూపించాను. అతను పెద్ద అంకెలు చదివాడు. వాటి కింద తిథులు చదివాడు. అట్టడుగున ప్రెస్సు పేరు కూడా చదివి ఆగిపోయాడు.

"బస్సు నంబరు దగ్గరికొస్తేనే కనబడుద్ది నాకు" అన్నాడు నెమ్మదిగా. "అందరికీ అంతే అనుకున్నా."

"కంటి పరీక్షలు చదువుకుంట, తప్పు అద్దాలతోని తిరుగుతున్నవ్! నాతోని సుత ఇరవై సార్లు తప్పే రాయించినవ్!" నా గొంతు పక్కింటికి కూడా వినిపించి ఉంటుంది. జీవితంలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

కేదార్ ఆ ఫ్రేముతోనే నా వైపు తిరిగాడు. చూస్తున్నాడు. క్యాలెండరును చూసినదానికంటే ఎక్కువసేపు చూస్తున్నాడు. ఫ్రేము లాగేశాను.

"చూసింది చాలు."

పరదా వెనక పెద్దమ్మ దగ్గింది.

పెట్టె సర్దుతుంటే అతను గొంతు తగ్గించి అన్నాడు. "మొదటి రోజు నీ గొంతు వణుకుతుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు రజనీ. అందుకే..."

"జాలిపడ్డవా?"

"జాలైతే ఒకసారి చేస్తా. ఇరవై సార్లు ఎందుకు చేస్తా?"

నా చెవులు వేడెక్కాయి. దాంతో ఇంకా కోపం వచ్చింది.

"ఇష్టమున్నోడు నిజం చెప్పాలె."

"ఇప్పుడు చెప్తున్నాగా. జవాబు?"

"రేపు టెస్ట్ అయినంక."

"పాసైతేనా?"

"పాసైనా ఫెయిలైనా. నీ మీద కోపం మాత్రం ఎట్లైనా ఉంటది."

అతను వెళ్తుంటే పెద్దమ్మ గొడుగు చేతిలో పెట్టింది. "మల్ల వచ్చేటప్పుడు కొత్త అద్దాలు పెట్టుకొని రా బిడ్డా. మా పిల్ల కండ్లల్ల ఏముందో నీకు సక్కగ కనవడాలె గద."

సోమవారం. బోరబండ నుంచి వచ్చిన సత్తెమ్మ అనే ముసలామెను కేదార్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. మేడం మూలన కుర్చీ వేసుకున్నారు. "లెన్సులు అందించడానికి జత ఉండొచ్చు" అన్నారు.

సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాకేం తెల్వది బిడ్డా. తప్పు జెప్తే ఏమంటరో!"

"తప్పు అనేదే ఉండది అవ్వా. రెండు ఒక్కతీర్గుంటే ఒక్కతీర్గనే ఉన్నయని చెప్పు. నాకు నీ నిజమే కావాలె."

నా గొంతు వణకలేదు. మేడం తలెత్తి చూశారు.

కేదార్ పెట్టె తెరిచి, లెన్సులన్నీ నా చేతికి అందేలా తిప్పి పెట్టాడు. తర్వాత గుమ్మం వైపు నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

"ఉండవా?"

"ఉండను. నీకు నేను అక్కర్లేదు."

నిన్నటి కోపమంతా గొంతులోకి వచ్చింది. "బయటనే ఉండు. యాడికి పోకు. నీతోని ఇంక మస్తు కొట్లాడేదుంది. జన్మంత కొట్లాడేదుంది."

కేదార్ ముఖం ఎలా మారిందో సరిగ్గా చూసే లోపే, బయటి నుంచి నవ్వుతూ నా ముఖం మీదే తలుపు వేసేశాడు.